లేచి బయటికి వెళ్ళాల్సినవాళ్ళు

ఫిబ్రవరి 9

చీటీ తీస్తే నా పేరు వచ్చిందట. వార్డు బడ్జెట్ కమిటీలో ఏడుగురు. అందులో నేనొకణ్ణి.

మునిసిపాలిటీ నుంచి ఒక ఆఫీసరమ్మ ఇంటికే వచ్చి చెప్పింది. మా కోడలి ఈడు పిల్ల. అప్పుడు నేను గుమ్మం ముందు కుండీలకు నీళ్ళు పోస్తున్నాను. "అభినందనలండీ" అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎందుకో అర్థం కాక చెంబు ఆమె చేతిలో పెట్టాను. ఆమె నవ్వి, మిగతా కుండీలకు నీళ్ళు పోసేసింది. మంచి పిల్లే.

విషయం ఇది. ఇన్నాళ్ళూ పై ప్రభుత్వం రోడ్డుకు వేరే, వీధి దీపాలకు వేరే, పిల్లల గదికి వేరే అని విడివిడిగా డబ్బు పంపేది. ఏప్రిల్ నుంచి అలా పంపదు. అన్నీ కలిపి ఒకే మూట కట్టి ఇస్తుంది. మూట ఇదివరకటి కంటే చిన్నది. దేనికి ఖర్చు పెట్టాలో వార్డే తేల్చుకోవాలి. దీన్ని సంస్కరణ అంటారని చెప్పింది.

"నలుగురిలో నాకు నోరు పెగలదమ్మా" అన్నాను.

"చెయ్యి ఎత్తగలరు కదా తాతగారూ?"

అది వచ్చు. నా ఉద్యోగమంతా రోడ్డు రోలరు మీదే గడిచింది. నేను చెయ్యి ఎత్తితేనే ముందున్న కూలీలు పక్కకు తప్పుకునేవాళ్ళు. మాట్లాడే అవసరమే ఉండేది కాదు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? ఆ ఉద్యోగం నాకు నచ్చింది కూడా అందుకే.

ఫిబ్రవరి 10

భోజనాల దగ్గర చెప్పాను. కొడుకు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

వాడు వీధి చివర గోడౌనులో పని చేస్తాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బట్టల బేళ్ళు లారీలకెత్తడం, దించడం. పెద్ద రోడ్డు నుంచి గోడౌను దాకా దారంతా గోతులు. కొందరు లారీవాళ్ళు లోపలికి రామని పెద్ద రోడ్డు మీదే ఆపేస్తున్నారు. అక్కడి దాకా బేళ్ళు వీపు మీదే పోవాలి.

"నాన్నా, రోడ్డు పడిందంటే షావుకారు ఇంకో షెడ్డు వేస్తాడు. షెడ్డు వేస్తే మేస్త్రీ కావాలి. నా పేరే అనుకుంటున్నాడు. నా నడుము సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. పొద్దున్నే మంచం దిగాలంటే ముందు పక్కకు దొర్లుతాడు, తర్వాత చేతులు ఆనించి లేస్తాడు. వాడికింకా నలభై రాలేదు.

కోడలు మనవరాలికి ముద్దలు పెడుతోంది. ఆమెది కుట్టు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. ఆ వేళకు పిల్లను మునిసిపాలిటీ వాళ్ళ పిల్లల గదిలో వదిలి వెళుతుంది. కొత్తగా వచ్చే మూట రోడ్డుకైనా సరిపోతుంది, ఏడాది పాటు గది నడపడానికైనా సరిపోతుంది. రెంటికీ చాలదు. ఆ ముక్క కూడా చెప్పాను.

"మీ ఇష్టం మామయ్యా" అంది కోడలు, పిల్ల మూతి తుడుస్తూ.

"ఇందులో ఆలోచించేదేముంది? ఇంట్లో నాన్న ఉండగా పిల్లకు గది ఎందుకు?" అన్నాడు కొడుకు.

నిజమే. నేనున్నాను.

ఫిబ్రవరి 18

షావుకారు వచ్చాడు. గోడౌను ఆయనదే. కమిటీలో ఆయన చీటీ కూడా వచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను స్టూలు మీద కూర్చున్నాడు. నాకు చెమటలు పట్టాయి.

"రోలరు తాతా, రోడ్డంటే ఏమిటో ఈ వార్డులో నీకంటే ఎవరికి తెలుసు? రోడ్డు పడితే లారీలొస్తాయి. లారీలొస్తే పనులొస్తాయి. పనులొస్తే పేదరికం దాని దారిన అదే పోతుంది. అవునా, కాదా?"

తలూపాను.

"ఇంకో మాట. రోడ్డు వేసే రోజు కాంట్రాక్టరుతో నేను చెబుతాను. రోలరు ఎక్కి మొదట తొక్కేది నువ్వే. మేమంతా చప్పట్లు కొట్టాలి."

రోలరు కోసం కాదు గానీ, ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను తొక్కిన రోడ్ల పక్కన ముందు టీ కొట్లు లేచాయి, తర్వాత ఇళ్ళు లేచాయి. కళ్ళారా చూశాను.

ఫిబ్రవరి 19

రోలరు కోసం కాదు.

మార్చి 3

మొదటి సమావేశం. వార్డు ఆఫీసులో పొడుగు బల్ల. ఒక చివర షావుకారు, ఆయన పక్కన మందుల షాపాయన, ఆ పక్కన టైలరు. ఎదురుగా రిటైరైన పెద్ద టీచరు గారు, వడ్రంగి, ఇస్త్రీ బండి ఆమె. రెండో చివర నేను. ఆఫీసరమ్మ నిలబడే ఉంది.

అందరూ తలా ఒక మాట చెప్పాలంది. నా వంతు వచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా.

"రోలరు ఎప్పుడూ అంచుల నుంచి నడుముకు నడపాలి. నడుము ముందు తొక్కితే అంచులు జారిపోతాయి" అన్నాను.

షావుకారు బల్ల మీద చరిచాడు. "చూశారా! పెద్దాయన రోడ్డు గురించే చెబుతున్నాడు. రోడ్డు వైపే. రాసుకోండమ్మా."

నేను చెప్పింది రోడ్డు గురించో కాదో నాకే తెలియలేదు. ఊరుకున్నాను.

చేతులెత్తే ముందు ఆఫీసరమ్మ ఒక నియమం చదివింది. ఏ సభ్యుడి ఇంటివాళ్ళకు ఒక పని వల్ల నేరుగా లాభం ఉందో, ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్ళాలి. చదివాక తలెత్తి అడిగింది. "పిల్లల గది వాడుకునేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఇస్త్రీ ఆమె లేచింది. ఆమె కూతురి కవలలు గదిలోనే పెరుగుతున్నారు. నేనూ లేచాను. ఒకరు చెబితే కాదు, నా అంతట నేనే.

"మనిషంటే ఇలా ఉండాలి!" అన్నాడు షావుకారు.

వరండాలో ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"అన్నయ్యా, చిన్నప్పుడు బడిలో కూడా నన్నిలాగే బయట నిలబెట్టేవాళ్ళు" అంది ఆమె.

"నన్ను కూడా."

"అప్పుడైతే ఏదో ఒక తప్పు చేసేదాన్ని."

"నియమం నియమమే చెల్లెమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. నా మాట నాకే బాగుంది.

లోపల మిగిలింది అయిదుగురు. రోడ్డుకు మూడు, గదికి రెండు. టీచరు గారూ వడ్రంగీ గదికి ఎత్తారట. ఇది ముసాయిదా మాత్రమే, ఏప్రిల్ ఆఖర్లో వార్డు జనం ముందు మళ్ళీ చేతులెత్తి ఖాయం చేస్తారని ఆఫీసరమ్మ చెప్పింది.

దారిలో ఆలోచించుకున్నాను. గది ఉంటే కోడలికి లాభం, రోడ్డు పడితే కొడుక్కి లాభం. ఎటు చూసినా నేను బయటికి వెళ్ళాల్సినవాణ్ణే. కాబట్టి తప్పేమీ చేయలేదు.

మార్చి 4

నిన్నటి సంగతి కోడలితో కొడుకే చెప్పాడు. ఆమె నాకు టీ ఇచ్చింది. చక్కెర వేయడం మరిచిపోయింది. అడగలేదు. అలాగే తాగాను.

ఏప్రిల్ 1

గదికి తాళం పడింది. పాత డబ్బు నిన్నటితో సరి. ముసాయిదా ఖాయం అయ్యేదాకా కొత్త డబ్బు ఖర్చు పెట్టడానికి వీల్లేదట.

మనవరాలి మొదటి రోజు నా దగ్గర. పొద్దున్నే పళ్ళు తోమించాను, పాలు పట్టించాను, జడ వేశాను. జడ పక్కకు పోయింది. పిల్ల కూడా పక్కకే పోయే రకం, సరిపోయింది.

చాలా తేలిక. గదిలో ఉండే ఆయమ్మకు జీతం ఎందుకిచ్చేవారో నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ 4

ఇస్త్రీ ఆమె కూతురు కవలలను తీసుకొచ్చింది. "మామయ్యా, ఈ ఒక్క పూట. సూపర్‌వైజరు తిడతాడు." సరేనన్నాను. ఆమె వెళ్ళాక ఇంకో అమ్మాయి వచ్చింది, చంకలో పిల్లవాడితో. ఆ వెనక ఇంకొకామె. అందరూ కోడలితో ఫ్యాక్టరీలో ఒకే వరసలో కుట్టేవాళ్ళు.

నాకు "వద్దు" అనడం రాదు. మా ఆవిడ ఉన్న రోజుల్లో నా తరఫున ఆ మాట ఆవిడే అనేది.

అయినా ఏముంది, ఒకరున్నా అయిదుగురున్నా కాపలా ఒకటే.

ఏప్రిల్ 6

కాపలా ఒకటే కాదు. ఒకడు ఏడిస్తే అందరూ ఏడుస్తారు. నవ్వితే మాత్రం ఎవరి నవ్వు వాళ్ళదే.

ఆయమ్మ ఇటుగా పోతూ ఆగింది. గది మూశాక ఆమెకూ పని లేదు. నేను ఒకణ్ణి ఎత్తుకుని, ఒకదాని గౌను పట్టుకుని, కాలితో గేటు మూస్తున్నాను. నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూసింది.

"ఏం తాతా, బ్రేకులు పనిచేయడం లేదా?"

"బాగానే ఉంది" అన్నాను.

లోపలికి వచ్చి అందరినీ చాప మీద కూర్చోబెట్టి ఏదో చప్పట్ల ఆట మొదలుపెట్టింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాను.

"రేపు కూడా రా అమ్మా" అన్నాను.

"కడుపు నింపేవాళ్ళుంటే రోజూ వస్తాను. రేపటి నుంచి గోడౌనుకవతల కొత్త ఇళ్ళలో అంట్లు తోమడానికి ఒప్పుకున్నాను తాతా."

కుండీలకు నీళ్ళు పోశాను.

ఏప్రిల్ 9

ఈ రోజు ఏమీ జరగలేదు.

ఏప్రిల్ 10

పిల్ల బాగానే ఉంది. ఏమీ జరగలేదు కాబట్టి దాని గురించి రాయడానికి కూడా ఏమీ లేదు. కోడలు పనికి వెళ్ళలేదు. ఒంట్లో నలతగా ఉందేమో.

ఏప్రిల్ 11

ఇవాళ కూడా వెళ్ళలేదు. నలత కాదు. మిగతా పిల్లల తల్లులు కూడా ఎవరూ రాలేదు. వాకిలి ఖాళీ. హాయిగా ఉంది.

ఏప్రిల్ 13

హాయిగా లేదు. జరిగింది రాస్తాను. రాయకపోతే తొమ్మిదో తేదీ పేజీ నన్నే చూస్తున్నట్టుంది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్లలందరినీ పడుకోబెట్టాను. నేను గుమ్మంలో గోడకు ఆనుకున్నాను. కళ్ళు మూసుకోలేదు అని కొడుకుతో చెప్పాను. మూసుకున్నాను. గేటు గడియ పైకెత్తడం మనవరాలికి వచ్చని నాకు తెలియదు. గోడౌను ముందు ఒక లారీ వెనక్కి వస్తోందట. వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న చెల్లెమ్మ చూసి, పెట్టె అలాగే బట్ట మీద వదిలేసి పరిగెత్తింది. ఎవరిదో చొక్కా కాలిపోయింది. పిల్ల చేతికి అందింది.

ఆమె పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టేదాకా నేను నిద్రలోనే ఉన్నాను.

"ఏం కాలేదన్నయ్యా, ఏం కాలేదు" అంది. అంటూనే పిల్ల ఒళ్ళంతా తడిమి తడిమి చూసింది.

ఏం కాలేదు. అందుకే అలా రాశాను.

కోడలు నన్నొక్క మాట అనలేదు. మర్నాడు పనికి మాత్రం వెళ్ళలేదు.

ఏప్రిల్ 16

పెద్ద టీచరు గారు వచ్చారు. ఆవిడ వస్తుంటే చేతిలో బెత్తం లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. లేచి నిలబడ్డాను.

"కూర్చోవయ్యా. నీకు లేవడం అలవాటైపోయింది. ఆ రోజు కూడా అలాగే లేచావు."

"నియమం కదండీ."

"నియమమే. గది వల్ల లాభపడేవాళ్ళు లేవాలంటే ఇద్దరు లేచారు. రోడ్డు వల్ల లాభపడేవాళ్ళు ఎవరు లేచారు? గోడౌను ఆయనదే, ఆయన లేచాడా?"

"రోడ్డు అందరిదీ కదండీ."

"గది ఎవరిది మరి?"

జవాబు కూడా ఆవిడే చెప్పారు. "డబ్బున్నవాడికి కావాల్సింది అందరిదీ అవుతుంది. లేనివాడికి కావాల్సింది వాడి సొంత లాభం అవుతుంది. మొదటి రోజే ఇది నాకు తట్టి ఉండాల్సింది. నోరు మూసుకుని చెయ్యి ఎత్తాను. నాకూ సిగ్గుగా ఉంది."

ఆవిడకు సిగ్గు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అది నాకొక్కడికే ఉందనుకున్నాను.

వెళుతూ వెళుతూ "ఖాయం చేసే రోజున నువ్వు గదికే ఎత్తాలని నేననడం లేదు. కూర్చుని ఎత్తు. అంతే" అన్నారు.

ఏప్రిల్ 19

కొడుకు పెందలాడే వచ్చేశాడు. ఈ వారం బేళ్ళు తక్కువట. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు మానేయడంతో వరసలో సగం మెషీన్లు ఖాళీగా ఉన్నాయి, సరుకు తయారు కావడం లేదు అన్నాడు.

చెప్పి, చెప్పులు విప్పి, "రోడ్డు పడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు.

కోడలు గిన్నె కాస్త గట్టిగా పెట్టింది.

ఏప్రిల్ 21

ఇవాళ కొడుకూ కోడలూ మాట మాట అనుకున్నారు. నేను వాకిట్లో ఉన్నాను. వినకూడదనుకున్నాను. ఇల్లు చిన్నది.

"కొన్నాళ్ళు ఇంట్లో ఉంటే ఏం పోయింది? నేను మేస్త్రీనైతే నీ జీతం కూడా నేనే తెస్తాను" అన్నాడు వాడు.

"తెస్తావు. తెచ్చి చేతిలో పెడతావు. నేను చెయ్యి చాపాలి."

"నా ముందు చాపడానికేమిటి?"

"నువ్వు చాపి చూడు ఒకసారి."

వాడి గొంతు తగ్గింది. "నా నడుము ఇంకెన్నాళ్ళు మోస్తుందే? చెప్పు. నీకు తెలియదా?"

"తెలుసు. రోజూ నూనె రాసేది నేనేగా." కోడలు ఏడుస్తోందో ఏమో, మాట సరిగ్గా వినపడలేదు. "నెలాఖరు దాకా నా మెషీను ఎవరికీ ఇవ్వనన్నాడు సూపర్‌వైజరు. ఆ తర్వాత కొత్తవాళ్ళను పెట్టుకుంటాడు."

ఇద్దరిదీ నిజమే. ఎవరో ఒకరిది అబద్ధమైతే నాకు సులువుగా ఉండేది.

ఏప్రిల్ 24

షావుకారు కబురు పంపాడు. కాంట్రాక్టరు కొత్త రోలరు తెస్తున్నాడట. నీడకు కప్పు, మెత్తటి సీటు, అన్నీ ఉన్నాయట.

మా రోజుల్లో కప్పు లేదు. ఎండ నెత్తిన, తారు సెగ కాళ్ళ కింద. రోలరు ఇనప చక్రానికి తారు అంటుకోకుండా నీళ్ళు పారుతుండాలి. వేడి తారు మీద బండి ఆపకూడదు, ఆపితే పల్లం పడుతుంది. నా రోడ్డు మీద పల్లం ఎక్కడా లేదు.

ఎక్కాలనే ఉంది. రాసేశాను. ఉంటే ఉండనీ.

ఏప్రిల్ 27

ఖాయం అయింది. మొదటి నుంచీ రాస్తాను.

బడి హాలులో పెట్టారు. జనం నిండిపోయారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఒకవైపు, వాళ్ళలో కోడలు, చంకలో పిల్ల. వెనక తలుపు దగ్గర గోడౌను పనివాళ్ళు, వాళ్ళలో కొడుకు. ఏడుగురం అందరికీ ఎదురుగా కుర్చీల్లో. అన్ని కళ్ళు ఒక్కసారి నా మీద పడటం నా జీవితంలో ఇదే మొదలు.

ఆఫీసరమ్మ నియమం చదివింది. ఇంటివాళ్ళకు లాభం ఉన్నవాళ్ళు లేచి బయటికి వెళ్ళాలి.

చెల్లెమ్మ సగం లేచి నా వైపు చూసింది. నేను లేవలేదు. కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె మళ్ళీ కూర్చుంది.

"రోలరు తాతా, నియమం చదివారు. వినపడలేదా?" అన్నాడు షావుకారు. వెనక కొందరు నవ్వారు.

"వినపడింది."

"మరి?"

కుర్చీ వదలకుండానే అన్నాను. "మీరు లేస్తే నేనూ లేస్తాను."

"నేనెందుకు లేవాలి? రోడ్డు అందరిదీ!"

"నేనూ దాని మీదే నడుస్తానుగా. అయితే నాదీ కదా. అందరం లేద్దాం."

"అందరూ లేస్తే హాలుకు తాళం వేసి ఇంటికి పోవడమే!" అని ఎవరో అరిచారు. ఈసారి హాలంతా నవ్వారు. నవ్వింది నన్ను చూసి కాదు. ఆ తేడా తెలుస్తుంది.

ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసింది. బయటికి వెళ్ళి ఫోను చేసింది. వచ్చి, పైవాళ్ళను అడిగానని, ఎవరూ బయటికి వెళ్ళక్కర్లేదని, చెయ్యి ఎత్తే ముందు మాత్రం ఎవరి లాభమేమిటో పైకి చెప్పాలని అంది.

షావుకారు ముందు చెప్పాడు. "గోడౌను నాది. దాచిపెట్టేదేముంది?" చెయ్యి రోడ్డుకు.

మందుల షాపాయన, "మా మందులు ఆ దారినే వస్తాయి" అన్నాడు. రోడ్డుకు.

టైలరు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "నా కొట్టు షావుకారు గారి స్థలంలో ఉంది" అన్నాడు. అంతకంటే ఎవరూ అడగలేదు. రోడ్డుకు.

వడ్రంగి, "గది తెరిస్తే విరిగిన కిటికీలు బాగుచేసే పని నాకే వస్తుంది, అదీ నా లాభం!" అన్నాడు. గదికి.

టీచరు గారు, "నాకు ఏ లాభమూ లేదు, వయసైపోయింది. అందుకే నా మాట అంత పట్టించుకోకండి" అని గదికి ఎత్తారు.

చెల్లెమ్మ కొంగు దోపుకుని లేచింది. "నా మనవలకు గది కావాలి. లాభమే. కాదన్నదెవరు? షావుకారు బాబూ, నీక్కూడా ఒక మాట. బట్టలు కుట్టేవాళ్ళు పిల్లల్ని పట్టుకుని ఇంట్లో కూర్చుంటే, నీ కొత్త రోడ్డు మీద వచ్చిన లారీలో ఏం ఎక్కిస్తావు? నన్నెక్కిస్తావా?"

ఆ నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. షావుకారు కూడా మూతి బిగించుకుని నవ్వాడు.

మూడుకు మూడు. ఇక నేను.

లేచి నిలబడ్డాను. "రోడ్డు పడితే మా వాడు మేస్త్రీ అవుతాడు. వాడి నడుముకు సుఖం. గది ఉంటే మా కోడలు పనికి వెళుతుంది. రోడ్డు వేసే రోజు రోలరు ఎక్కిస్తామన్నారు. ఎక్కాలని నాకు చాలా ఉంది."

ఇంత పొడుగు మాట నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకొకటి కూడా చెప్పాను. "పిల్లను చూసుకోవడం నావల్ల కాలేదు. అవుతుందనుకున్నాను. కాలేదు."

చెయ్యి దానంతటదే లేచింది అని రాయాలనుంది. అది నిజం కాదు. చాలాసేపు పట్టింది. రోడ్డు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు వేసినా అక్కడే ఉంటుంది. మెషీను మాత్రం నెలాఖరు దాటితే ఉండదు. నేను తూచుకున్నది అంతే, పెద్ద లెక్కలేవీ నాకు రావు. కొడుకు వైపు చూశాను. వాడు నావైపే చూస్తున్నాడు. చూస్తూనే గదికి ఎత్తాను.

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్ద కేక. వెనక తలుపు దగ్గర కొడుకు లేడు.

ఏప్రిల్ 28

వాడు మాట్లాడలేదు.

ఏప్రిల్ 29

కొత్త షెడ్డు ఆగిపోయింది. మేస్త్రీ కూడా ఈ ఏడాది అక్కర్లేదన్నాడట షావుకారు. కోడలు ఫ్యాక్టరీకి వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పి వచ్చింది. మెషీను ఆమెదే.

ఒకే పూట రెండు కబుర్లూ ఒకే ఇంట్లోకి వచ్చాయి. నేను వేసిన ఓటే రెండూ.

మళ్ళీ వేయమన్నా అలాగే వేస్తాను. ఇది రాయడానికి తడుముకోలేదు.

మే 2

గది తెరిచారు. అంట్లు తోమే పని మానేసి ఆయమ్మ వచ్చింది. నన్ను చూసి, "తాతా, నిన్ను కూడా చేర్చుకోమంటావా?" అంది. పిల్లలందరూ నవ్వారు. ఎవరి నవ్వు వాళ్ళదే.

వాడు ఇంకా మాట్లాడలేదు. కానీ మధ్యాహ్నం నా పళ్ళెంలో అన్నం వాడే వడ్డించాడు.

మే 6

వాడిది ఈ వారం మధ్యాహ్నం షిఫ్టు. కోడలు చీకటితోనే వెళ్ళిపోయింది. పిల్లకు చెప్పులు తొడుగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"వచ్చే ఏడు చీటీల్లో నా పేరు కూడా వేయించాను."

"మంచిది."

"వస్తే రోడ్డుకే ఎత్తుతాను."

"ఎత్తు."

"నువ్వు ఎదురుగా కూర్చుని గదికి ఎత్తుతావేమో."

"నీ చీటీ రాకపోతేనో?"

"రాకపోతే జనంలో నిలబడి అరుస్తాను. ఆ ఇస్త్రీ అత్త ఒక్కతేనా అరవగలిగేది?"

నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది గానీ పెదవి దాటనివ్వలేదు. మొండివాడు. వాళ్ళమ్మ పోలిక.

"ఒరేయ్, ఆ రోజు నీ వైపు చూసే ఎత్తాను" అన్నాను.

"చూశాను నాన్నా. చూడకుండా ఎత్తి ఉంటే ఇంకో నెల మాట్లాడేవాణ్ణి కాదు."

పిల్లను భుజం మీదికి ఎత్తుకోబోయి మధ్యలో ఆగాడు. పళ్ళు బిగబట్టి, మెల్లిగా, రెండో ప్రయత్నంలో ఎత్తుకున్నాడు. గది వైపు నడిచాడు. ఒక చెయ్యి పిల్ల కాళ్ళ మీద, ఇంకో చెయ్యి తన నడుం మీద. మలుపు తిరిగేదాకా చూశాను.

వచ్చే ఏడు ఆ రోడ్డు పడాలి. గది ఉండాలి, రోడ్డూ పడాలి. మూట చాలదంటే మూట పెంచమని అడగాలి. ఆఫీసరమ్మ ఎక్కడ కూర్చుంటుందో కనుక్కున్నాను. మునిసిపాలిటీలో మెట్లెక్కగానే ఎడమవైపు రెండో గది. రేపు పొద్దున వెళతాను. కమిటీలో ఉన్నా లేకపోయినా వెళతాను.

ఏం మాట్లాడాలో ముందే అనుకోనక్కర్లేదు. అక్కడికి వెళ్ళాక మాటలు వస్తాయి.